ఎంసీబీ మార్చితే సరిపోదమ్మా

ప్రశ్న: అయ్యా, మాది తిరుపతి బైరాగిపట్టెడలో 1998లో కట్టిన ఇల్లు. కింద మేముంటాం, మేడ మీద రెండు గదులున్నాయి. ఇన్నాళ్లూ కింద గదిలో ఒక్క ఏసీతోనే గడిపినాం. పోయిన ఎండాకాలం పైన పడుకోలేక మా అబ్బాయి, కోడలు పరుపు దించుకుని హాల్లో పడుకున్నారు. ఈసారి పైన కూడా ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టించాలనుకుంటున్నాం. ఇండక్షన్ పొయ్యి కొన్నాం. అబ్బాయి కరెంటు స్కూటరు బుక్ చేసినాడు. కానీ ఇప్పటికే పొద్దున గీజరు, మోటరు, మిక్సీ నడిచేటప్పుడు ఇస్త్రీపెట్టె పెడితే మెయిన్‌లో ఉన్న 16 ఆంపియర్ల ఎంసీబీ స్విచ్చు పడిపోతా ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, "దీన్ని తీసి 40 వేస్తే ఇంక పడదు" అన్నాడు. బిల్లులో కాంట్రాక్టెడ్ లోడు 2 కిలోవాట్లు అని, మీటరు మీద 5-30 ఎ అని ఉంది. ఎంసీబీ మార్చితే సరిపోతుందా? త్రీ ఫేజు కావాలా? ఆఫీసుకు చెబితే జరిమానా వేస్తారని మా ఆయన భయం.
— ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. ఈ ఉత్తరం చదివే లోపల ఆ 40 వేయించి ఉంటే, ఇవాళే పిలిపించి మళ్లీ పాతది పెట్టించండి. మిగతాదంతా నెమ్మదిగా చేసుకోవచ్చు, ఇది మాత్రం ఆగకూడదు.

ఎంసీబీ మీ ఏసీని కాపాడేది కాదు, మీ మీటరును కాపాడేదీ కాదు. అది కాపాడేది దాని వెనకాల గోడలో పైపులో పోయే వైరును. ఆ వైరు ఎంత కరెంటు మోయగలదో అంతకు మించి పోతే తాను పడిపోయి వైరును బతికిస్తుంది. 16 పడుతోందని 40 పెట్టినామనుకోండి, ఇంక పడదు, నిజమే. అదే కరెంటు అదే వైరులో పోతానే ఉంటుంది, ఆపేవాళ్లు ఉండరు. కరెంటు రెండింతలైతే వైరులో పుట్టే వేడి నాలుగింతలు. ఆ వేడి మీకు కనబడదు, గోడలో ఉంటుంది.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1991లో, నేను కరెంటు బోర్డులో చేరి ఐదేళ్లయింది. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మా అక్క వాళ్లింట్లో పెళ్లి. ఇంటి నిండా చుట్టాలు, కొత్త మోటరు, కొత్త వాటర్ హీటరు. అప్పట్లో ఎంసీబీలు ఎక్కడివి, పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులే. గంటకోసారి ఫ్యూజు పోతా ఉంది. మా బావ, "నువ్వు కరెంటోడివే కదరా, ఏదో ఒకటి చేయి" అన్నాడు. నేను ఫ్యూజు తీగ బదులు మామూలు రాగి వైరులోంచి నాలుగు పోగులు తీసి మెలేసి బిగించినాను. పెళ్లి బాగా జరిగింది. మూడో రోజు రాత్రి వంటగది పక్క గదిలో, చెక్క పట్టీ కింద పోయే వైరు కాలింది. ఆ గోడకే బెల్లం బస్తాలు ఆనించి ఉన్నాయి. అక్క వాసన పట్టి లేచింది కాబట్టి మెయిన్ ఆపగలిగినారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ గోడకు రెండుసార్లు సున్నం వేసినా నల్ల మచ్చ పైకి వస్తానే ఉండింది. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. ఆ గదిలోకి పోయినప్పుడల్లా నా కళ్లు ఆ మచ్చ మీదికే పోయేవి. డిపార్ట్‌మెంటులో 34 ఏళ్లు చేసి లైన్ ఇన్‌స్పెక్టరుగా దిగిపోయినాను, ఎవరింటికి పోయినా ఫ్యూజు చూడకుండా కాఫీ తాగింది లేదు.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూద్దాం. మీరు రాసిన సామాన్లకే వాట్లు వేసినాను. ఒక్కో సామాను మీద ఉండే చిన్న రేకు చూసి మీరు సరిదిద్దుకోండి. పొద్దున ఆరున్నరకు గీజరు 2000, ఒక హెచ్‌పీ మోటరు సుమారు 1000, మిక్సీ 750, ఫ్రిజ్ 200, ఫ్యాన్లు, లైట్లు ఒక 300. మొత్తం 4250 వాట్లు. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే పద్దెనిమిదిన్నర ఆంపియర్లు. ఇస్త్రీపెట్టె ఇంకో 1000 కలిస్తే 22.8. దానికి తోడు మోటరు స్టార్టయ్యే క్షణంలో మామూలుగా లాగే దానికి ఐదారింతలు లాగుతుంది. 16 ఎంసీబీ పడకుండా ఎట్లా ఉంటుంది? తన పని తాను సరిగ్గా చేస్తోంది పాపం.

కొత్తవి వచ్చినాక రాత్రి తొమ్మిది గంటలు ఊహించండి. రెండు ఏసీలు 3200, ఇండక్షన్ 2000, స్కూటరు చార్జింగు 700, ఫ్రిజ్ 200, టీవీ, ఫ్యాన్లు, లైట్లు 500. మొత్తం 6600 వాట్లు, అంటే 28.7 ఆంపియర్లు. ఆ టైములో ఎవరైనా గీజరు వేస్తే 8600, ముప్పై ఏడు దాటుతుంది. మీ మీటరు మీద 5-30 ఎ అని ఉంది కదా, అందులో 30 అంటే అది మోయగల గరిష్ఠ కరెంటు. కాబట్టి మీ ఇంట్లో వైరింగంతా కొత్తగా మార్చినా, ముందు మీటరే చాలదు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడేది ఒకటుంది. మీటరు మీది అంకె వేరు, కాంట్రాక్టెడ్ లోడు వేరు. మీటరు 30 ఆంపియర్లు మోస్తుంది కాబట్టి మనకు ఆరేడు కిలోవాట్లు వచ్చేసినట్టే అనుకుంటారు. మీరు డిపార్ట్‌మెంటుకు చెప్పి, డబ్బు కట్టి తీసుకున్నది 2 కిలోవాట్లే. అంటే తొమ్మిది ఆంపియర్లు కూడా లేదు. మీ గీజరు ఒక్కటి వేస్తేనే ఆ 2 కిలోవాట్లు నిండిపోతాయి.

లెక్క మీద నమ్మకం కుదరకపోతే మీటరునే అడగండి. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం టక్ టక్ మని వెలుగుతా ఉంటుంది. దాని పక్కన 3200 imp/kWh లాగా ఒక అంకె ఉంటుంది. అంటే ఒక యూనిట్‌కు ఆ దీపం 3200 సార్లు వెలుగుతుందని అర్థం. ఫోనులో ఒక నిమిషం టైము పెట్టుకుని ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. దాన్ని 60తో గుణించి 3200తో భాగిస్తే, ఆ నిమిషంలో ఇల్లు లాగుతున్న కిలోవాట్లు వస్తాయి. 80 సార్లు వెలిగితే ఒకటిన్నర కిలోవాట్. ఒక్క గీజరు పెట్టి చూస్తే 107 దాకా రావాలి. మీ మీటరు మీద 3200 కాక వేరే అంకె ఉంటే దాంతోనే భాగించండి. పిల్లల చేత చేయించండి, వాళ్లకు సరదాగా ఉంటుంది.

ఇక దారి మొత్తం చూడాలి. స్తంభం నుంచి సర్వీసు వైరు, మీటరు, మెయిన్ ఎంసీబీ, అక్కడి నుంచి ఇంట్లోకి మెయిన్ వైరు, డీబీ బాక్సు అంటే ఎంసీబీలన్నీ ఉండే పెట్టె, గదులకు పోయే వైర్లు, చివరికి ప్లగ్గు. ఇందులో ఏది సన్నగా ఉంటే ఇల్లంతటి కెపాసిటీ అంతే. చెంబు మూతి సన్నగా ఉంటే లోపల ఎన్ని నీళ్లున్నా ధార అంతే కదా.

1998 నాటి ఇళ్లలో నేను చూసినవి చెబుతాను. లైట్లకు 1.5 వైరు (అంటే 1.5 చదరపు మిల్లీమీటర్ల మందం), ప్లగ్గులకు 2.5, మెయిన్‌కు 4 వేసి ఉంటే అది బాగా కట్టించిన ఇల్లు. కొన్నింటిలో మెయిన్‌కే 2.5 వేసినారు, కొన్నింటిలో అల్యూమినియం వైరు. మేడ ఆ తర్వాత కట్టి ఉంటే, కింది డీబీ నుంచి పైకి ఒక్క 2.5 వైరు లాగి, దాని మీదే రెండు గదులూ నడుపుతుంటారు. మీ కొత్త ఏసీ ఆ వైరు మీద పడితే, స్కూటరు చార్జరు కూడా అక్కడే పెడితే, అదే మీ బలహీనమైన చోటు. ఇది కంటితో చూసి తేల్చేది కాదు. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, డీబీ తెరిచి, వైరు మీది అచ్చు చదివి చెప్పాలి. నా కొలత ఇది: పైపులో పోయే రాగి వైరు 1.5 అయితే దానికి 10 ఆంపియర్ల ఎంసీబీ, 2.5కు 16, 4కు 20, మహా అయితే 25, 6కు 32. మీ ఎలక్ట్రీషియన్ చెప్పిన 40కి 10 వైరు ఉండాలి. మీ గోడలో 10 ఉంటే వైరు వరకు ఆయన మాట నిజమే. 1998 ఇంట్లో ఉంటుందని నేను అనుకోను.

డీబీ తెరిచినప్పుడు ఇంకొకటి చూపించుకోండి. అచ్చం ఎంసీబీ లాగే ఉండి, ఎప్పటికీ పడని స్విచ్చు ఒకటుంది, ఐసోలేటరు అంటారు. 40 అనో 63 అనో రాసి ఉంటుంది. చేత్తో ఆపడానికే అది. ఎంసీబీ మీద అంకెకు ముందు బి అనో సి అనో ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, సి16 లాగా. ఐసోలేటరుకు ఆ అక్షరం ఉండదు. దాన్నే మెయిన్ ఎంసీబీ అనుకుని ఏళ్ల తరబడి ధైర్యంగా ఉన్న ఇళ్లు నేను కొర్లగుంటలోనే నాలుగు చూసినాను.

వోల్టేజి గురించి మీరు రాయలేదు గానీ చూసుకోవడం మంచిది. ప్లగ్గులో గుచ్చితే అంకె చూపించే చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. అన్నీ ఆపి ఒకసారి చూడండి, గీజరు ఒక్కటి వేసి వేరే గది ప్లగ్గులో ఇంకోసారి చూడండి. గీజరు ఒక్కదానికే ఐదారు వోల్టుల కంటే ఎక్కువ పడితే మీ సర్వీసు వైరు సన్నమైనా అయి ఉండాలి, ఎక్కడో జాయింటు వదులైనా అయి ఉండాలి. అట్లా కాకుండా మీ ఇంట్లో ఏమీ వేయకపోయినా రాత్రి పూట 216 కంటే కిందికి దిగుతుంటే అది వీధి సమస్య. మీ ఇంట్లో లైట్లు మసకబారి పక్కింట్లో ఎక్కువ వెలుగొస్తే, లేదా మీ ఇంట్లోనే ఉన్నట్టుండి మరీ ఎక్కువ వెలుగొస్తే మాత్రం ఏదీ కొలవద్దు. వెంటనే మెయిన్ ఆపి 1912కు ఫోన్ చేయండి. న్యూట్రలు, అంటే కరెంటు తిరిగి పోయే తీగ, వదిలిందంటే క్షణాల్లో టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి.

ఇక మీవారి భయం. దీని మీద కాస్త ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే మన ఊళ్లో సగం మంది ఇక్కడే ఆగిపోతారు. లోడు పెంచుకోవడానికి మీరే అర్జీ పెట్టుకోవడం తప్పు ఒప్పుకోవడం కాదమ్మా, అది మీ హక్కు. పెరిగిన కిలోవాట్లకు డెవలప్‌మెంటు చార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ కడతారు, నెలనెలా బిల్లులో ఫిక్స్‌డ్ చార్జీ కొంచెం పెరుగుతుంది. చెప్పకుండా వాడుతూ తనిఖీలో దొరికితే నోటీసు వస్తుంది, అప్పుడూ ఆ డబ్బు కట్టాల్సిందే. కానీ నాకు డబ్బు కంటే వీధి ముఖ్యం.

మీ వీధిలో స్తంభం మీద ఉన్న ట్రాన్స్‌ఫార్మరు కెపాసిటీ 100 కేవీఏ అనుకుందాం. దాని నుంచి కరెంటు మోసే తీగలు మూడు వస్తాయి, ఒక్కోదాన్ని ఫేజు అంటారు. ఒక్కో ఫేజుకు అది ఇవ్వగలిగేది సుమారు 140 ఆంపియర్లు. వీధిలో అరవై ఇళ్లుంటే ఫేజుకు ఇరవై ఇళ్లు, ఇంటికి ఏడు ఆంపియర్లు. ఆ ఏడు ఎక్కడి నుంచి వచ్చిందంటే మీరు, మీ పక్కింటివాళ్లు 2 కిలోవాట్లు, 1 కిలోవాట్ అని రాసిచ్చిన కాగితాల నుంచి వచ్చింది. మే నెలలో ఇరవై ఇళ్లలో ఐదు ఇళ్లు ఒకే రాత్రి ముప్పై ముప్పై ఆంపియర్లు లాగితే ఆ ఫేజు దాటిపోయింది. అర్ధరాత్రి ఫ్యూజు పోతుంది, లైన్‌మన్ నిద్రలోంచి లేచి స్తంభమెక్కుతాడు, అందరూ అతన్నే తిడతారు. ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ట్రాన్స్‌ఫార్మరు పెంచమని పైకి రాయాలంటే కాగితం మీద లోడు కనబడాలి. మీరు లోడు చెప్పకపోతే మీ వీధికి పెద్ద ట్రాన్స్‌ఫార్మరు అవసరమన్న సంగతి ఎవరికీ తెలియదు. నేను పనిచేసిన రోజుల్లో ఎన్ని రాత్రులు ఆ తిట్లు తిన్నానో! అందుకే అడుగుతున్నాను, దయచేసి చెప్పండి.

త్రీ ఫేజు కావాలా అని అడిగినారు. మీ ఇంటికి నేనైతే 7 కిలోవాట్లకు, త్రీ ఫేజుకే అర్జీ పెడతాను. అప్పుడు లోడును మూడుగా పంచుకోవచ్చు. పై గది ఏసీ, స్కూటరు ఒక ఫేజు మీద పెడితే పది ఆంపియర్లు. కింది ఏసీ, గీజరు ఇంకో ఫేజు, పదహారు లోపల. ఇండక్షన్, మోటరు, ఫ్రిజ్, లైట్లు మూడోది, అదీ పదహారే. ఏదీ మూలగదు. సర్వీసు వైరు, మీటరు డిపార్ట్‌మెంటు వాళ్లే మారుస్తారు. ఆ వైరును, మీటరు సీలును మీ ఎలక్ట్రీషియన్ ముట్టుకోకూడదు. మీటరు తర్వాతది మీ ఖర్చు: కొత్త మెయిన్ వైర్లు, త్రీ ఫేజు డీబీ, పై అంతస్తుకు విడిగా 4 వైరు, ఏసీకి సొంత ఎంసీబీ. పనిలో పనిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎంసీబీ మనిషికి షాక్ కొడితే పడదు, ఆర్‌సీసీబీ పడుతుంది. దాని మీద టెస్టు బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడండి. ఎర్తు గుంత ఎక్కడుందో కూడా కనుక్కోండి. 2021 నవంబరు వానల్లో తిరుపతిలో నీళ్లు నిలిచిన వీధుల్లో ఎర్తు పైపు తుప్పు పట్టి తెగిపోయినా ఎవరికీ తెలియని ఇళ్లు చాలా ఉన్నాయి. మీటరు బోర్డు అప్పుడు తడిసి ఉంటే జాయింట్లన్నీ విప్పి చూడమనండి.

త్రీ ఫేజు వచ్చినాక ఒక్క అలవాటు చేసుకోకండి. ఒక ఫేజు పోయినప్పుడు చేంజోవర్ స్విచ్చుతో ఇల్లంతా మిగిలిన ఫేజు మీదికి తిప్పేస్తారు మనవాళ్లు. పంచుకున్న లోడంతా మళ్లీ ఒకే వైరు మీద పడుతుంది. తిప్పాల్సి వస్తే ముందు ఏసీలు, గీజరు ఆపి తిప్పండి.

అర్జీ పనులు అయ్యేదాకా పైన ఏసీ బిగించవద్దు. ఇండక్షన్ మీద వండేటప్పుడు గీజరు ఆపండి, మోటరుతో నీళ్లు ముందే పట్టేసుకోండి. స్కూటరును ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద చార్జింగు పెట్టవద్దు, రాత్రంతా ఏడెనిమిది గంటలు నడిచేదానికి అది పనికిరాదు. గోడకున్న పెద్ద ప్లగ్గులోనే పెట్టి, గంట తర్వాత ప్లగ్గు పీకి పిన్నుల దగ్గర వెచ్చగా ఉందేమో చూడండి. వెచ్చగా ఉంటే సాకెట్ మార్చించండి.

ప్రశ్న: చిత్తూరు కొంగారెడ్డిపల్లెలో మేడ మీద పోర్షన్ అద్దెకు ఉంటున్నాం. ఇంటాయనకు, మాకు ఒకటే మీటరు. ఇన్వర్టర్ ఏసీ కొన్నాం. అది తక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి లోడు లెక్కలోకి రాదని షాపులో చెప్పినారు. ఇంటాయన వద్దంటున్నారు. ఎవరిది నిజం?

జవాబు: నాయనా, ఇంటాయనదే. ఇన్వర్టర్ ఏసీ నెమ్మదిగా మొదలవుతుంది, గది చల్లబడినాక తక్కువ లాగుతుంది, నెలకు యూనిట్లు తగ్గుతాయి. అది బిల్లు సంగతి. మేడ మీద శ్లాబు కాలిపోతున్న మే నెల మధ్యాహ్నం గంటల కొద్దీ పూర్తి లోడు మీదే నడుస్తుంది. వైరు మోయాల్సింది ఆ పూర్తి లోడును. ఏసీ వెనక రేకు మీద గరిష్ఠం అని ఉన్న అంకె చూసుకోండి. ఇంటాయనతో కూర్చుని, పై పోర్షన్‌కు విడి మీటరు తీసుకునే ఖర్చు ఎట్లా పంచుకోవాలో మాట్లాడుకోండి. మీటరు విడిగా ఉంటే నెలనెలా బిల్లు పంచుకునే గొడవ కూడా తీరుతుంది.

ప్రశ్న: మాది చంద్రగిరి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల సోలారు పెట్టించుకుంటున్నాం. ఇంక లోడు, వైరింగు గురించి ఆలోచించాల్సిన పని లేదు కదా?

జవాబు: ఉంది. 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది, బిల్లు బాగా తగ్గుతుంది, తప్పకుండా పెట్టించుకోండి. కానీ ప్యానెళ్లు పగలే ఇస్తాయి. మీ ఏసీ రాత్రి నడుస్తుంది, ఆ కరెంటు స్తంభం నుంచి పాత సర్వీసు వైరు మీదే రావాలి. బ్యాటరీ లేని మామూలు సోలారు అయితే లైను పోయినప్పుడు అదీ ఆగిపోతుంది. అట్లా ఆగకపోతే స్తంభం మీద పని చేసే లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. సోలారు వాళ్లు వచ్చిన రోజే మెయిన్ వైరు ఎంతదో చూపించుకుని, ఆ అంకె డీబీ మూత లోపల పెన్నుతో రాయించి పెట్టుకోండి.